ట్రిప్టోఫాన్ మిగిలిందని బ్యాక్టీరియాకు ఎలా తెలుస్తుంది?

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానం వచ్చినప్పుడు, కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియా ఏదో తేల్చడానికి ల్యాబుల్లో చేసే పాత పరీక్షల్లో ఇండోల్ టెస్ట్ ఒకటి. చిన్న గాజునాళికలో పెప్టోన్ వాటర్ తీసుకుని, కాలనీ నుంచి కాస్త అందులో కలిపి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. తర్వాత కోవాక్స్ రీఏజెంట్ కొన్ని చుక్కలు వేస్తారు. అందులోని అమైల్ ఆల్కహాల్ నీటిలో కలవకుండా పైకి తేలి పసుపు పొరగా నిలుస్తుంది. ఇ.కోలై ఉన్న నాళికలో ఆ పొర చూస్తుండగానే ఎర్రబడుతుంది. క్లెబ్సియెల్లా న్యుమోనియే అయితే పసుపుగానే ఉండిపోతుంది. బీఎస్సీ మైక్రోబయాలజీ, ఎంఎల్‌టీ చదివినవాళ్లకు ఈ ‘రెడ్ రింగ్’ బాగా పరిచయం.

ఎరుపుకు కారణం ఇండోల్. అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం విరిగితే వస్తుంది. విరిచేది ట్రిప్టోఫనేజ్ అనే ఎంజైమ్. విటమిన్ బి6 నుంచి తయారయ్యే పైరిడాక్సల్ ఫాస్ఫేట్ తోడు లేనిదే అది పనిచేయదు. ఒక్క ట్రిప్టోఫాన్ అణువు విరిగితే ఇండోల్, పైరువేట్, అమోనియా మూడూ వస్తాయి. పైరువేట్ శక్తికి పనికొస్తుంది, అమోనియా నత్రజనిగా పనికొస్తుంది. ఇండోల్ మాత్రం చాలావరకు బయటికి పోతుంది.

ఇదే కణం అవసరమైతే ట్రిప్టోఫాన్‌ను తానే తయారు చేసుకోగలదు. ఆ తయారీ చాలా ఖరీదైన వ్యవహారం. ప్రోటీన్లలో కనిపించే 20 అమైనో ఆమ్లాల్లో తయారీకి అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఖర్చయ్యేది ట్రిప్టోఫానే. అలాంటిదాన్ని విరిచే ఎంజైమ్‌ను వేళకాని వేళ తయారు చేస్తే కణం తన ఆస్తిని తానే తగలబెట్టుకున్నట్టు అవుతుంది. కాబట్టి విరిచే జన్యువులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నదానికి గట్టి కాపలా ఉండాలి. ఆ కాపలా ఎలా పనిచేస్తుందన్నదానిపై సాక్ష్యం దశాబ్దాలుగా పోగవుతోంది. అందులో ఏ భాగం గట్టిగా నిలిచింది, ఏ భాగం ఇంకా ఊహగానే ఉంది అన్నది విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్, సిడ్నీ కోల్ కలిసి 1901లో ట్రిప్టోఫాన్‌ను వేరుచేశారు. బ్యాక్టీరియా ఇండోల్‌ను దీన్నుంచే తయారుచేస్తుందని 1903లో చూపించారు. చక్కెర కలిసిన మాధ్యమంలో పెంచితే ఇండోల్ సరిగా రాదన్న సంగతి ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు అనుభవంలో తెలిసినదే. దీనికి మొదట తోచే వివరణ ఆమ్లం. గ్లూకోజ్ పులిసి మాధ్యమం ఆమ్లమవుతుంది కాబట్టి ఎంజైమ్ దెబ్బతింటుందని ఎవరైనా అనుకుంటారు. 1942లో ఎప్స్, గేల్ అనే ఇద్దరు ఇ.కోలైలో అమైనో ఆమ్లాలను విరిచే ఎంజైముల మీద గ్లూకోజ్ ప్రభావాన్నీ, పులియడం వల్ల పుట్టే ఆమ్లాల ప్రభావాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆమ్లం ఒక్కటే ఈ ప్రభావాన్ని వివరించలేదని తేలింది. గ్లూకోజ్ ఉందన్న కబురు ఏదో దారిలో జన్యువుల దాకా చేరుతోందన్నమాట.

ఆ దారి తర్వాతి దశాబ్దాల్లో బయటపడింది. గ్లూకోజ్ లోపలికి వస్తున్నంతసేపూ కణంలో సైక్లిక్ ఏఎంపీ తక్కువగా ఉంటుంది. గ్లూకోజ్ అయిపోతే అది పెరిగి, సీఆర్‌పీ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ జంట ట్రిప్టోఫనేజ్ జన్యువు ముందున్న డీఎన్‌ఏ మీద కూర్చుంటేనే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అక్కడ పని మొదలుపెడుతుంది. పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో పూర్తవుతుంది. అయితే 2014లో లీ, యంగ్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, చక్కెరలు సైక్లిక్ ఏఎంపీతో సంబంధం లేని మరో దారిలో కూడా ఈ జన్యువును అణచగలవు. తయారైపోయిన ఎంజైమ్ పనిని కూడా తగ్గించగలవు. ఆ రెండో దారి యంత్రాంగం మొదటిదానంత వివరంగా తేలలేదు. అందువల్ల ‘గ్లూకోజ్ అంటే సీఆర్‌పీ’ అని ఒక్క సమీకరణంతో సరిపెట్టడం తొందరపాటే.

గ్లూకోజ్ లేకపోవడం ఒక షరతు మాత్రమే. రెండో షరతు ట్రిప్టోఫాన్ ఉండటం. అసలు ఆసక్తికరమైన భాగం ఇదే.

ఈ భాగంలో ప్రధానంగా వినిపించే పేరు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్ల్స్ యానోఫ్‌స్కీది. 1970లలో ఆయన బృందం ట్రిప్టోఫాన్‌ను తయారుచేసే జన్యువుల గుంపును శోధించి, అటెన్యుయేషన్ అనే పద్ధతిని బయటపెట్టింది. ఆ గుంపు మొదట్లో 14 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌కు కోడ్ ఉంటుంది, అందులో రెండు ట్రిప్టోఫాన్ కోడాన్లు పక్కపక్కనే ఉంటాయి. కణంలో ట్రిప్టోఫాన్ కరువైతే దాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ ఖాళీగా తిరుగుతుంది. రైబోజోమ్ ఆ రెండు కోడాన్ల దగ్గర ఆగిపోతుంది. ఆ ఆగడంతో ఆర్‌ఎన్‌ఏ మడత మారి, తయారీ జన్యువుల నకలు ముందుకు సాగుతుంది. కరువును కొలిచే సాధనం ఇక్కడ టీఆర్‌ఎన్‌ఏ.

విరిచే జన్యువుల గుంపును ట్నా ఆపరాన్ అంటారు. 1980లలో డీలీ, వాలీ స్టీవర్ట్ లాంటివాళ్లతో కలిసి యానోఫ్‌స్కీ దీని క్రమాన్ని చదివినప్పుడు ఇక్కడా ముందు ఒక చిన్న పెప్టైడ్ కనిపించింది. 24 అమైనో ఆమ్లాల ఆ పెప్టైడ్ పేరు ట్నా-సి. దాని తర్వాత సుమారు 220 అక్షరాల ఖాళీ ఉంది. ఆపైన ట్రిప్టోఫనేజ్ జన్యువు ట్నా-ఏ, చివరగా ట్రిప్టోఫాన్‌ను లోపలికి తెచ్చే ప్రోటీన్ జన్యువు ట్నా-బి. ట్నా-సిలో ట్రిప్టోఫాన్ ఒకే ఒక్కటి, 12వ స్థానంలో. ఇక్కడా టీఆర్‌ఎన్‌ఏ లెక్కే పనిచేస్తుందని ఊహించడం సహజం. కానీ తర్కం తలకిందులైంది. ఇక్కడ జన్యువులు తెరుచుకోవాల్సింది కరువులో కాదు, మిగులులో.

ప్రయోగాలు ఒక్కొక్కటిగా ఊహలను జల్లించాయి. ట్నా-సి మొదటి కోడాన్‌ను చెడగొట్టి, పెప్టైడ్ తయారవకుండా చేస్తే ట్రిప్టోఫాన్ ఎంత పోసినా ఆపరాన్ తెరుచుకోలేదు. అంటే ఆర్‌ఎన్‌ఏ ఉంటే చాలదు, దాన్ని చదవాలి. 12వ స్థానంలో ట్రిప్టోఫాన్ బదులు వేరే అమైనో ఆమ్లం పెట్టినా స్పందన పోయింది. అంటే చదివితే చాలదు, సరైన పెప్టైడే రావాలి. రో అనే ప్రోటీన్ దెబ్బతిన్న రకాల్లో, లేదా దాన్ని అడ్డుకునే బైసైక్లోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసినప్పుడు, ట్రిప్టోఫాన్ లేకపోయినా ఆపరాన్ తెరుచుకుంది. అంటే మామూలు స్థితిలో తలుపు మూసి ఉంచేది రో. ఆరు ముక్కల వలయంలా ఉండే ఈ ప్రోటీన్ ఖాళీగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ మీదికి ఎక్కి, ముందు పోతున్న పాలిమరేజ్‌ను తరిమి పట్టుకుని, నకలు తీసే పనిని మధ్యలోనే ఆపేస్తుంది.

మరో ముఖ్యమైన ఆధారం 1-మిథైల్ ట్రిప్టోఫాన్ నుంచి వచ్చింది. ఇది ప్రోటీన్లలోకి చేరని నకిలీ ట్రిప్టోఫాన్, అయినా ఆపరాన్‌ను బాగానే తెరుస్తుంది. టీఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కిన ట్రిప్టోఫానే సంకేతమైతే ఇలా జరగకూడదు. కణం కొలుస్తున్నది స్వేచ్ఛగా తిరుగుతున్న ట్రిప్టోఫాన్‌నే అన్న వైపు ఇది చూపు తిప్పింది. కానీ దాన్ని పట్టుకునేది ఏది? చాలా ఆపరాన్లలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక రిప్రెసర్ ప్రోటీన్ ఉంటుంది. ఇక్కడ ఎంత వెతికినా అలాంటిది దొరకలేదు.

ఈ మధ్యలో ఒక చిక్కుముడి పడింది. 1993లో గిష్, యానోఫ్‌స్కీ ట్నా-సి భాగాన్ని ప్లాస్మిడ్ మీద పెట్టి అనేక ప్రతులుగా కణంలోకి పంపారు. అప్పుడు క్రోమోజోమ్ మీదున్న అసలు ఆపరాన్ స్పందన తగ్గిపోయింది. ఈ ఫలితానికి తేలికైన అర్థం ఒకటుంది. ట్నా-సికి అతుక్కునే ప్రోటీన్ ఏదో కణంలో పరిమితంగా ఉందని, ప్లాస్మిడ్ ప్రతులు దాన్నంతా పీల్చేసుకున్నాయని చెప్పవచ్చు. నియంత్రణ ప్రోటీన్ ఉందని వాదించదలచుకున్నవారికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. 2006లో వేరే వివరణ వచ్చింది. ట్నా-సి విపరీతంగా తయారైతే, దాని చివరి అమైనో ఆమ్లమైన ప్రోలీన్‌ను మోసే ఒక టీఆర్‌ఎన్‌ఏ రకం పెప్టైడ్‌లకే అతుక్కుపోయి కణంలో కొరత పడుతోంది. పీల్చుకుపోయింది నిజమే, కానీ పీల్చుకుపోయింది టీఆర్‌ఎన్‌ఏని. ఒకే ఫలితం రెండు కథలకూ సరిపోయినప్పుడు తేలికైనదాన్ని ఎంచుకోవడంలోని ప్రమాదానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ ఈ రంగంలో నాకు కనిపించలేదు.

ట్రిప్టోఫాన్‌ను పట్టుకునేది ఏదన్న అసలు చిక్కు విప్పింది 2001, 2002 సంవత్సరాల్లో ఫెంగ్ గాంగ్, యానోఫ్‌స్కీ చేసిన పని. కణాలను పగలగొట్టి తీసిన సారంలో, నాళికలోనే ట్నా-సిని తయారుచేయించారు. రేడియోధార్మిక అమైనో ఆమ్లంతో గుర్తుపెట్టి, జెల్ మీద పరిగెత్తించారు. ట్నా-సి చాలా చిన్నది, ఒంటరిగా ఉంటే జెల్ అడుగుకు జారిపోతుంది. ట్రిప్టోఫాన్ ఎక్కువగా ఉన్న నాళికలో మాత్రం పైన, దాని బరువుకు తగని ఎత్తులో, ఒక గీత నిలిచింది. ఆ గీత ట్నా-సి ఇంకా టీఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే ఉన్న రూపం. అంటే పెప్టైడ్ పూర్తయింది. రైబోజోమ్ చివరి ఆపు కోడాన్ దాకా వచ్చింది. కానీ పెప్టైడ్‌ను తెంచి వదిలే చివరి కోత జరగలేదు. మామూలుగా ఆ కోతకు కారణమయ్యేది రిలీజ్ ఫ్యాక్టర్-2.

తర్వాత వాళ్లు ప్యూరోమైసిన్ వాడారు. ఈ యాంటీబయాటిక్ టీఆర్‌ఎన్‌ఏ కొసను పోలి ఉంటుంది, రైబోజోమ్‌లోకి దూరి పెరుగుతున్న పెప్టైడ్‌ను తనవైపు లాక్కుంటుంది. ట్రిప్టోఫాన్ లేనప్పుడు ప్యూరోమైసిన్ ట్నా-సిని సులువుగా తెంపింది. ట్రిప్టోఫాన్ ఉన్నప్పుడు తెంపలేకపోయింది. 12వ స్థానంలో ట్రిప్టోఫాన్ బదులు ఆర్జినిన్ పెట్టిన పెప్టైడ్‌తో అదే ప్రయోగం చేస్తే ట్రిప్టోఫాన్ ఉన్నా లేకపోయినా కోత ఒకేలా జరిగింది. ఈ మూడో నాళిక లేకపోతే మొదటి రెండింటి ఫలితాన్ని ‘ట్రిప్టోఫాన్ రైబోజోమ్‌కు ఏదో హాని చేస్తోంది’ అని కూడా చదవవచ్చు. ఆర్జినిన్ పెప్టైడ్ ఆ వివరణను కొట్టేసింది. పెప్టైడ్, రైబోజోమ్ కలిసినప్పుడే ట్రిప్టోఫాన్‌ను గుర్తించే చోటు ఏర్పడుతోంది.

మిగతాది ఇప్పుడు అర్థమవుతుంది. రో ఎక్కాల్సిన చోటు ట్నా-సి ఆపు కోడాన్‌ను ఆనుకునే ఉంది. రైబోజోమ్ అక్కడే కదలకుండా నిలిస్తే, గుమ్మంలో మనిషి అడ్డంగా నిలబడ్డట్టు, రోకు దారి ఉండదు. పాలిమరేజ్ నిరాటంకంగా ట్రిప్టోఫనేజ్ జన్యువులోకి సాగిపోతుంది. ట్రిప్టోఫాన్ తక్కువైతే కోత జరిగి రైబోజోమ్ దిగిపోతుంది, రో ఎక్కుతుంది, నకలు ఖాళీ భాగంలోనే ఆగిపోతుంది.

ట్రిప్టోఫాన్‌ను గుర్తించే ఆ చోటు రైబోజోమ్‌లో ఎక్కడ? పెప్టైడ్ బయటికి వచ్చే సొరంగంలో. 2005లో క్రూజ్-వెరా, యానోఫ్‌స్కీ బృందం ఆ సొరంగం గోడల్లోని కొన్ని ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను, ఎల్22 అనే రైబోజోమ్ ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి చూసింది. స్పందన పోయింది. జన్యుశాస్త్రం చూపిన ఈ చోటును కంటితో చూడాలంటే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కావాల్సి వచ్చింది. మ్యూనిక్‌లో రోలాండ్ బెక్‌మన్ బృందం 2009లో 5.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తొలి చిత్రం ఇచ్చింది. ఆ స్పష్టతలో పెప్టైడ్ దారి కనిపిస్తుంది గానీ ట్రిప్టోఫాన్ అణువు కనిపించదు. అదే బృందం 2014లో 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లకు చేరి, సొరంగంలో రెండు ట్రిప్టోఫాన్ అణువులు ఉన్నాయని ప్రతిపాదించింది.

2021లో రెండు బృందాలు విడివిడిగా మళ్లీ చూశాయి. ఒకటి బెక్‌మన్ బృందమే, 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల సగటు స్పష్టతతో. మరొకటి ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఆక్సెల్ ఇన్నిస్ బృందం. ఇద్దరికీ కనిపించింది ఒక్క అణువే. ఆ అణువు ట్నా-సి మెలికకూ సొరంగం గోడకూ మధ్య ఇరుక్కుని ఉంది. రిలీజ్ ఫ్యాక్టర్-2 తన చోటికి రాగలుగుతోంది గానీ, కోతకు కారణమయ్యే దాని కొస పనిచేసే భంగిమలోకి తిరగలేకపోతోంది. రెండు స్వతంత్ర ఫలితాలు, అందులో ఒకటి పాత లెక్క చెప్పిన బృందానిదే కావడం వల్ల ‘ఒక్కటే’ అన్నదాన్ని ఇప్పటికి నమ్మవచ్చు. 2014 వ్యాసాన్ని ఇప్పటికీ రెండు అణువుల లెక్కతోనే ఉటంకించే పాఠాలు కొన్ని ఉంటే అవి సరిచూసుకోవాలి.

ఇన్నిస్ బృందం ఫలితంలో నాకు మరింత విలువైనదిగా తోచే అంశం వేరే ఉంది. వాళ్లు 23వ స్థానంలో ఆర్జినిన్ బదులు ఫినైల్ అలనిన్ పెట్టిన ట్నా-సిని వాడారు. అది సహజ పెప్టైడ్ కన్నా ఎంతో తక్కువ ట్రిప్టోఫాన్‌కే ఆగిపోతుంది. అయినా ట్రిప్టోఫాన్ కూర్చునే చోటు రెండింటిలోనూ ఒకటే. కాబట్టి సున్నితత్వాన్ని నిర్ణయించేది ట్రిప్టోఫాన్ వచ్చి కూర్చునే వేగానికీ, పెప్టైడ్ తెగిపోయే వేగానికీ మధ్య పందెమే కావచ్చని వాళ్ల సూచన. దీన్ని ఇంకాస్త ముందుకు లాగితే, ప్రకృతి ఎంచుకున్న ట్నా-సి కావాలనే మొద్దుగా ఉందని, అవసరాలు తీరాక మిగిలిన ట్రిప్టోఫాన్‌కే స్పందించేలా సర్దుకుందని అనవచ్చు. ఊహ బాగుంది. కానీ ఇది ఊహే. సున్నితత్వం పెరిగిన రకం కణానికి పోటీలో నష్టం కలిగిస్తుందని, అసలు బ్యాక్టీరియా బతికే పరిస్థితుల్లో చూపించినప్పుడే అది సాక్ష్యం అవుతుంది. ‘ఎలా’ అన్నదానికి దొరికినంత గట్టి ఆధారం ‘ఎందుకు’ అన్నదానికి దొరకలేదు.

ఇ.కోలై కథను అన్ని అమైనో ఆమ్లాలకూ పరచడం కూడా తగదు. హిస్టిడిన్‌ను విరిచే హట్ జన్యువులను చూడండి. సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లాల్లో వీటిని హట్-సి అనే రిప్రెసర్ మూసి ఉంచుతుంది. దాన్ని తొలగించేది హిస్టిడిన్ కూడా కాదు, హిస్టిడిన్ విరిగిన మొదటి మెట్టులో పుట్టే యూరోకానేట్. బాసిల్లస్ సబ్టిలిస్‌లో హట్-పి అనే ప్రోటీన్ హిస్టిడిన్‌తో కలిసి నేరుగా ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుంటుంది. అవసరం ఒకటే, పరిష్కారాలు మూడు. షిగెల్లా జాతి మరో దారి పట్టింది. దానిలోని చాలా రకాల్లో చొరబాటు డీఎన్‌ఏ ముక్కలు ట్నా ఆపరాన్‌ను ఛిద్రం చేశాయి, అందుకే ల్యాబులో అవి తరచూ ఇండోల్ నెగెటివ్‌గా వస్తాయి.

విరిగి బయటపడే ఇండోల్ సంగతి చూద్దాం. 2001లో వాంగ్, డింగ్, రాథర్ ఇండోల్ మరికొన్ని జన్యువులను తెరుస్తుందని, అందులో ట్నా-బి కూడా ఉందని చూపించారు. అప్పటినుంచి ఇండోల్‌ను ‘బ్యాక్టీరియా భాష’గా వర్ణించే వ్యాసాలు వెల్లువెత్తాయి. 2010లో బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ బృందం, యాంటీబయాటిక్‌ను తట్టుకున్న కొద్ది కణాలు ఇండోల్ వదిలి చుట్టూ ఉన్న బలహీన కణాలను కూడా కాపాడతాయని నివేదించింది. ఈ ప్రయోగాల ఫలితాలను కాదనలేం. కానీ ఇలాంటి ఏ ఫలితాన్నయినా చదివేటప్పుడు మోతాదు చూడాలి. పోషకాలు దండిగా ఉన్న మాధ్యమంలో ఇ.కోలై వదిలే ఇండోల్ సుమారు అర మిల్లీమోలార్ దాకా చేరుతుంది. అంతకు మించి పోసినప్పుడు కనిపించే ప్రభావాల్లో ఏది సంకేతం, ఏది ఉత్త విషప్రభావం అన్నది విడదీయడం కష్టం. పైగా 2013లో లీ, యంగ్ చూపినట్టు, ఇండోల్ ఎంత వస్తుందన్నది ప్రధానంగా బయట ఎంత ట్రిప్టోఫాన్ పోశామన్నదాన్ని బట్టే ఉంటుంది. ఒక ల్యాబు వాడిన మాధ్యమానికి మరో ల్యాబు వాడినదానికి ఆ కాస్త తేడా ఉంటే చాలు, ‘సంకేతం’ పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది.

మనుషుల ఆరోగ్యంతో దీనికున్న ముడి స్పష్టంగా తెలిసింది ఒకచోటే. పేగుల్లో బ్యాక్టీరియా చేసిన ఇండోల్ కొంత రక్తంలోకి చేరుతుంది. కాలేయం దాన్ని ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మారుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోతుంది. రక్తంలోని అల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుని ఉండటంతో డయాలిసిస్‌లోనూ సరిగా పోదు. 2016లో అమెరికాలో ఒక బృందం, పేగుల్లో సాధారణంగా ఉండే బ్యాక్టీరాయిడ్స్ తెటయోటామైక్రాన్ నుంచి ట్రిప్టోఫనేజ్ జన్యువును తీసేసి, వేరే బ్యాక్టీరియా లేని ఎలుకల్లో దాన్ని స్థిరపరిచింది. మామూలు రకం ఉన్న ఎలుకల్లో ఇండాక్సిల్ సల్ఫేట్ కనిపించింది, జన్యువు తీసేసిన రకం ఉన్నవాటిలో కనిపించలేదు.

కార్యకారణ సంబంధాన్ని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు ఈ రంగంలో తక్కువ. అలాగని దీన్నుంచి చికిత్స దాకా ఒక్క అడుగులో వెళ్లలేం. ఆ ఎలుకల పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా పరిశోధకులు ఎంచి పెట్టినవి. మనిషి పేగుల్లో ట్రిప్టోఫాన్‌ను విరిచే జాతులు అనేకం, ఒకదాన్ని తీస్తే మరొకటి ఆ చోటు నింపవచ్చు. ఆ ప్రయోగంలో జన్యువును పూర్తిగా తీసేశారే తప్ప దాని నియంత్రణను మార్చలేదు. ఇ.కోలై రైబోజోమ్‌లో ట్నా-సి నడిపే వ్యవహారమే బ్యాక్టీరాయిడ్స్‌లోనూ ఉందని ఆ ప్రయోగం చెప్పదు. పేగుల్లో ట్రిప్టోఫనేజ్ తయారీని మందుతో తగ్గించాలనుకునేవారు ముందుగా అక్కడి ప్రధాన జాతుల్లో ఒక్కొక్కదానిలో ఆ జన్యువును తెరిచేది ఏదో, గాంగ్, యానోఫ్‌స్కీ ట్నా-సికి చేసినట్టే, నాళికలోకి తెచ్చి చూపించాలి.